గిన్నె ఖాళీ అయింది

జూన్ 2, సోమవారం

మా బాత్రూం నీళ్ళు కింది ఫ్లాటువాళ్ళ నెత్తిన కారుతున్నాయని టైల్సన్నీ పగలగొట్టించాను. పని అయ్యేదాకా తమ్ముడి ఇంట్లో మకాం. కాలేజీ ఎలాగూ జూలైలో గాని తెరవరు.

పెట్టె ఇంకా కింద పెట్టలేదు, “కదలకండి వదినా!” అని వంటింట్లోంచి కేక. మరదలు. కిటికీ పక్కన స్టూలు, స్టూలు మీద చిన్న గిన్నె, గిన్నెలో గుమ్మడికాయ గుజ్జు, ఆ పక్కన నిలబెట్టిన తెల్ల అట్ట. అట్ట వెలుతురుని వెనక్కి కొడుతుందట. నేను గుమ్మంలో నిలబడితే నా నీడ గుమ్మడికాయ మీద పడుతోందట. నలభై దాటాక నా నీడకి ఇంత ప్రాముఖ్యం వస్తుందనుకోలేదు.

ఎత్తు కుర్చీలో మా మేనకోడలు. ఎనిమిదో నెల. గుండ్రంగా నున్నగా ఉంటుందని బుడంకాయ అని పిలవడం మొదలుపెట్టింది నేనే. ఇప్పుడు అసలు పేరు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, కౌంటర్ ముందు నిలబడ్డ పెద్దమనిషిలా ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

మరదలు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ప్రసూతి సెలవులో చేతులు ఊరుకోలేదు కాబోలు, ఎవరో వాడి అమ్మేసిన పాత కెమెరా కొనుక్కుంది. నొక్కితే తలుపు గడియ పడ్డంత చప్పుడు. ఉద్యోగంలో ఎముకలు, ఇంట్లో గుమ్మడికాయలు. మాటలు మాత్రం రెండుచోట్లా అవే. చెంచా నింపి పిల్ల మూతికి జానెడు దూరంలో ఆపుతుంది. రెండో చెయ్యి స్టాండు మీది కెమెరా మీద. “కదలకండి... ఊపిరి బిగపట్టండి...” టక్. “ఊఁ, వదలండి.” అప్పుడు చెంచా లోపలికి. మళ్ళీ చెంచా, మళ్ళీ కదలకండి.

“ప్రతి ముద్దకీనా?” అన్నాను.

“ఏ ముద్దకి మొహం బాగా వస్తుందో ముందు తెలీదుగా వదినా.”

“ఈ ఇంట్లో ముందు కెమెరా తింటుందక్కా, తర్వాత పిల్ల, మిగిలితే నేను” అన్నాడు తమ్ముడు, చల్లారిన కాఫీ పట్టుకుని. కాఫీ కూడా ఫొటోకి కూర్చుందేమో, అడగలేదు.

జూన్ 3, మంగళవారం

ఈరోజు క్యారెట్. క్యారెట్ ఎడమ పక్క నుంచి అందంగా ఉంటుందట.

జూన్ 5, గురువారం

మరదలికి ఫోన్లో ఒక పేజీ ఉంది. పేరు ‘బోసినోరు’. అందులో రోజూ ఒక గిన్నె, ఒక మూతి, కింద నాలుగు ముక్కలు. ‘ఆవిరి మీద ఉడికించి, తొక్క తీసి, ప్రేమతో మెదపండి.’ ప్రేమతో మెదపడం ఎలాగో చూద్దామని పొద్దున వంటింట్లో నిలబడ్డాను. మిక్సీతోనే మెదుపుతోంది.

కింద ఎవరెవరో తల్లులు రాస్తారు. మీ పాప అదృష్టవంతురాలండీ. మావాడు ఉమ్మేస్తున్నాడండీ, ఏం చెయ్యమంటారు? మరదలు ఒక్కొక్కరికీ జవాబిస్తుంది, పదిమందిని పెంచినదానిలా. రెండేళ్ళ కిందట ఈ అమ్మాయికి కుక్కర్ కూత వేస్తే భయం. నాకు బాగా గుర్తుంది.

ఇది అసూయ కాదు. నాకు పిల్లల మీద మోజు ఎప్పుడూ లేదు. కాలేజీలో తర్కశాస్త్రం పాఠాలు చెప్పుకునేదాన్ని. మనుషుల ఆలోచనలో పగుళ్ళు కనిపిస్తే ఊరుకోలేను, అంతే.

నన్ను కూడా పేజీలో చేరమంది. చేరాను. ఊరికే చూడ్డానికి.

జూన్ 8, ఆదివారం

పదహారున మరదలు డ్యూటీలో చేరాలి. కొత్త స్కానింగ్ మిషన్ మీద శిక్షణకి తన పేరే రాశారట, చేరడం వాయిదా వేస్తే అది ఇంకొకరికి పోతుందట. ఆస్పత్రి పక్కన పసిపిల్లల్ని చూసుకునే చోటు ఒకటుంది, అక్కడ వదుల్దామని ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. పేపరు చదువుతూ విన్నాను. అంటే, పేపరు చదవకుండా విన్నాను.

“నేనున్నాగా” అన్నాను. ఎవరన్నారా అని నేనే వెనక్కి తిరిగి చూసుకోవాల్సినంత తొందరగా అన్నాను.

తమ్ముడి మొహం వెలిగిపోయింది. “నిజంగానా అక్కా?”

మరదలు పిల్ల వైపు చూసింది. “మీకు అలవాటు లేని పని కదా వదినా...”

“క్లాసు క్లాసంతటి చేత తర్కంలో అనుమాన ప్రమాణం మింగించేదాన్ని. బుడంకాయ చేత బఠాణీ మింగించలేనా?”

ఇంకేమంటుంది? ఆడపడుచుని.

జూన్ 11, బుధవారం

మేస్త్రీ ఫోన్ చేశాడు. బాత్రూం పని అయిపోయిందట. రంగు వాసన పోవద్దూ? ఇంట్లో చెప్పలేదు, చెప్పాల్సినంత విషయమేం కాదు.

జూన్ 14, శనివారం

ఇవాళ నాకు శిక్షణ.

“గోరువెచ్చగా ఉండాలి వదినా. చెంచాలో సగమే. తొందరపెట్టకండి.”

“సరే.”

“ఇంకొకటి. దానికి తిండంటే కెమెరాతో పాటు అలవాటైపోయింది. స్టాండు ఇక్కడే వదిలేసి వెళ్తా, ఈ మీట నొక్కితే చాలు...”

“చూడమ్మాయ్,” అన్నాను, “నా దగ్గరున్నంతసేపు ఈ పిల్ల మనిషిలా తింటుంది. ముద్దకీ నోటికీ మధ్య యంత్రం ఉండదు.”

చాలా బాగా అన్నాననిపించింది. క్లాసులో అయితే చివరి బెంచీవాళ్ళు కూడా తలెత్తి ఉండేవాళ్ళు.

“మీ ఇష్టం వదినా” అంది. ఆ మాట అనడానికి చాలా పద్ధతులున్నాయి. ఇది అన్నిటికంటే మెత్తనిది, అందుకే గుచ్చుకుంది.

జూన్ 16, సోమవారం

మరదలు గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చింది. తమ్ముడే చెయ్యి పట్టుకుని లిఫ్టెక్కించాడు.

బఠాణీ, బంగాళాదుంప. గోరువెచ్చగా. చెంచాలో సగమే. నోటి ముందు పెట్టాను. బుడంకాయ చెంచాని చూసింది, నన్ను చూసింది, నా భుజం మీదుగా ఇంకెవరి కోసమో చూసింది. నోరు తెరవలేదు. పాట పాడాను. చెంచాని విమానం చేశాను. విమానం దిగడానికి చోటు దొరక్క గిరగిరా తిరిగి చివరికి నా ఒళ్ళో కూలింది. వైవాలో నోరు మెదపని విద్యార్థులు నాకు కొత్త కాదు, కానీ వాళ్ళు కనీసం నేల చూపులు చూస్తారు. ఇది సూటిగా నా కళ్ళలోకే చూసింది, పరీక్ష పెడుతున్నది తనే అన్నట్టు.

సీసా పాలు మాత్రం గడగడా తాగింది. ఆకలైతే ఉంది. అంటే నా మీదే ఏదో అభ్యంతరం.

గిన్నె అలాగే ఉంటే మరదలు వచ్చి చూస్తుంది. పారబోద్దామంటే మనసొప్పలేదు. తిండి వృథా చేయడం నాకు మొదటినుంచీ గిట్టదు. తినేశాను.

మధ్యాహ్నం ఫోన్. “తిందా వదినా?” వెనకాల ఎవరో దగ్గుతున్నారు.

“గిన్నె ఖాళీ అయింది” అన్నాను.

“అబ్బ! బతికించారు వదినా. పొద్దున్నుంచీ చేతులు ఆడట్లేదు నాకు.”

ఆ వాక్యాన్ని ఎటు తిప్పి చూసినా అందులో అబద్ధం కనపడదు. రేపటికి ఎలాగూ అలవాటు పడుతుంది.

జూన్ 17, మంగళవారం

చిలగడదుంప. కాస్త ఉప్పు పడితే బాగుండేది.

జూన్ 18, బుధవారం

సాయంత్రం మరదలు వస్తూనే చేతులు కడుక్కుని, స్టాండు లాగి, కదలకండి, టక్, వదలండి. బుడంకాయ ఆవురావురుమని తింది.

“చూశారా వదినా, మధ్యాహ్నం మీ దగ్గర అంత తిని కూడా మళ్ళీ ఎలా లాగిస్తోందో!”

“పెరిగే వయసు” అన్నాను.

దాన్ని ఎత్తుకుని బాల్కనీలో నిలబడితే వెనకనుంచి టక్‌మంది. రాత్రికి నేను పేజీలో ఉన్నాను. నా వీపు, నా జడ, జడ పట్టుకున్న చిన్న పిడికిలి, అంచున ఎర్రటి సాయంత్రం. కింద మరదలి రాత: ‘ఉద్యోగాలకెళ్ళే అమ్మలూ, ఇంట్లో ఇలాంటి వదిన ఉంటే దిగులెందుకు? మాదానికి కెమెరా కూడా అక్కర్లేకుండా చేత్తో తినిపిస్తున్నారు.’

ఎవరో రాశారు, అలాంటి ఆడపడుచు దొరకడం మీ పుణ్యమండీ అని. ఇంకెవరో, చేతి మహిమ అంతా ప్రేమలోనే ఉంటుందండీ అని.

ఫొటో మంచి ఫొటో. అది ఒప్పుకోవాలి. అందులో ఉన్నావిడ నాకంటే మంచిదానిలా ఉంది. చాలాసార్లు చూశాను.

జూన్ 19, గురువారం

ఆపిల్, ఓట్స్. గిన్నె ఖాళీ అయింది. సాయంత్రం గిన్నె కూడా, అది మాత్రం తల్లి పెడితే పిల్లే తింది.

తినిపించే ప్రయత్నం రోజు రోజుకీ కొంచెం ముందే ముగిస్తున్నానేమో. పిల్లని బలవంతపెట్టకూడదని మరదలే చెప్పింది.

జూన్ 21, శనివారం

పిల్లల డాక్టరమ్మ దగ్గరికి అందరం వెళ్ళాం. బుడంకాయ బరువు పెరగలేదు, పైగా కాస్త తగ్గింది.

“ఏం పెడుతున్నారు?”

మరదలు ఫోన్ తీసింది. గుమ్మడికాయ, క్యారెట్, బఠాణీ, ఒక్కో గిన్నె సాక్షిలా బయటికొచ్చి నిలబడింది. డాక్టరమ్మ చివరిదాకా చూసి ఫోన్ తిరిగిచ్చింది. “ఫొటోలకి వంక పెట్టను. బరువే బాలేదు. మధ్యాహ్నాలు ఎవరు తినిపిస్తారు?”

“మా వదిన” అంది మరదలు. ఆ గొంతులో గర్వం ఉంది, దాన్ని ఇక్కడ రాయకుండా ఉండలేను.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. “తింటోందా అమ్మా?”

“గిన్నె ఖాళీ అవుతోంది డాక్టర్.”

“అయితే తిన్నది ఒంటికి పట్టడం లేదన్నమాట. ఒక వారం చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే రక్తం తీసి పరీక్షలకి పంపాలి.”

ఇంటికొచ్చాక మరదలు సోఫాలో కూలబడి ఏడ్చింది. “రంగు కోసం చూసుకున్నాను వదినా. ఏది ఫొటోలో బాగుంటుందో అదే వండాను. దానికి ఏం కావాలో చూడలేదు.”

నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను.

“అక్క అంత శ్రద్ధగా తినిపించబట్టి ఈమాత్రమైనా ఉంది” అన్నాడు తమ్ముడు.

చెబుదామనే అనుకున్నాను. అప్పుడు చెబితే ఇంకా బాధపడుతుందనిపించింది.

జూన్ 22, ఆదివారం

పేజీ మూసేసింది. కెమెరాని అట్టపెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించింది. శిక్ష తనకే వేసుకుంది.

పొద్దున కెమెరా లేకుండా చెంచా అందించింది. బుడంకాయ నోరు తెరవలేదు. మధ్యాహ్నమూ తెరవలేదు. 

నాకు అర్థమైపోయింది. రెండు సందర్భాల్లో అన్నీ ఒకటే అయి ఒక్కటి మాత్రం తేడాగా ఉంటే, కారణం ఆ ఒక్కటే. ఏటా మొదటి నెలలోనే బోర్డు మీద రాసే పాఠం. ఇంతలో మరదలే తలెత్తింది.

“కెమెరా లేక తినట్లేదేమో అనిపించింది వదినా ఒక్క క్షణం. కానీ కాదు. మీ దగ్గర వారమంతా కెమెరా లేకుండానే తిందిగా. అంటే ఇది జబ్బే. ముదురుతోంది.”

ఎంత చక్కని తర్కం! నా విద్యార్థుల్లో ఒక్కరు కూడా ఇంత శుభ్రంగా ఆలోచించరు. తప్పు ఒక్కచోటే ఉంది, నేను తనకిచ్చిన వాక్యంలో.

డాక్టరమ్మకి ఫోన్ చేసింది. వారం ఆగక్కర్లేదు, మంగళవారం పొద్దున్నే తీసుకురండి, రక్తం తీద్దాం అందావిడ. మరదలు బల్ల ముందు కూర్చుని రాజీనామా రాసుకుంది. తమ్ముడు వద్దనలేదు, వద్దనకుండానూ ఉండలేదు, ఊరికే గదిలో తిరిగాడు.

నేను నోరు తెరవలేదు. ఈ ఇంట్లో నోరు తెరవనివాళ్ళం ఇద్దరం.

ఒక్క ఉదాహరణతో నిర్ణయానికి రాకూడదు కదా. రేపు నిర్ధారించుకుని చెబుతాను.

జూన్ 23, సోమవారం

మరదలు కవరు బ్యాగులో పెట్టుకుని వెళ్ళింది. డ్యూటీ అయ్యాక పెద్ద డాక్టరుకి ఇచ్చేస్తానంది.

కుర్చీ వేసుకుని ఎక్కి అట్టపెట్టె దించాను. స్టాండు బిగించడం చేతకాక కెమెరాని స్టూలు మీదే పెట్టాను. క్యారెట్ గుజ్జు. చెంచా నోటి ముందు ఆపి మీట నొక్కాను. టక్. బుడంకాయ కళ్ళు ఇంతింతయ్యాయి. పెదవులు కదిలాయి, కానీ తెరుచుకోలేదు. ఇంకేదో కావాలి దానికి.

ఇంట్లో ఎవరూ లేరని తెలిసీ ఒకసారి గుమ్మం వైపు చూసుకున్నాను. “కదలకండి” అన్నాను. ఎనిమిది నెలల దాన్ని పట్టుకుని, మీరు అని. “ఊపిరి బిగపట్టండి.” నిజంగానే బిగపట్టింది. టక్. “ఊఁ, వదలండి.”

నోరు తెరిచింది.

చెంచా పెట్టడం మరిచిపోయి ఆ బోసి చిగుళ్ళని చూస్తూ ఉండిపోయాను. అది విసుగ్గా బల్ల చరిచింది. పెట్టాను. మింగింది. మళ్ళీ నావైపు చూసింది, ఈసారి భుజం మీదుగా కాదు. అలా గిన్నెడూ తింది. ఖాళీ గిన్నె అంచు పట్టుకుని లాక్కుంది. దాని గడ్డం మీద, నా వేళ్ళ మీద, కెమెరా మీద క్యారెట్. నాకు పిల్లల మీద మోజు లేదని రాశాను కదా ఇక్కడ. అక్షరాల కింద గీత కూడా గీసినట్టున్నాను.

ఆస్పత్రికి ఫోన్ చేశాను. “అమ్మాయ్, తింది! గిన్నెడూ తింది!”

అవతల సంబరమేం లేదు. “రోజూ తింటోందిగా వదినా. అదేగా నా భయం. తిన్నదంతా ఏమైపోతోంది?”

నా దగ్గర మంచి వాక్యాలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి చూశాను. ఇవాళ మరీ ఇష్టంగా తింది. జబ్బు కాకపోవచ్చు. డాక్టర్లు తొందరపడతారు. అన్నీ నిజాలే. ఒక్కటి కూడా సూదిని ఆపదు. కవరునీ ఆపదు.

“ఏమైపోలేదు,” అన్నాను. “వారమంతా తిన్నది నేను.”

“ఏంటీ?”

“నా దగ్గర అది ఒక్క ముద్ద ముట్టలేదు. గిన్నెలు నేనే ఖాళీ చేశాను. కెమెరా చప్పుడు, నీ మాటలు, రెండూ ఉంటేనే నోరు తెరుస్తోంది. ఇవాళ అలాగే తింది. కవరు ఇవ్వకు.”

అవతల ఎవరో దగ్గారు. తర్వాత, నాతో కాదు, “ఒక్క నిమిషం కూర్చోండి బాబూ” అని ఎవరితోనో అంది. ఫోన్ పెట్టేసింది.

అదే రోజు, సాయంత్రం

తమ్ముడు విని పొట్ట పట్టుకుని నవ్వాడు. “అక్కా, వారమంతా బఠాణీ గుజ్జేనా? నాతో చెబితే సగం నేను తినేవాణ్ణి కదే!”

మరదలు నవ్వలేదు. పిల్లకి కదలకండి అంటూ ముద్ద పెట్టింది, మూతి తుడిచింది, నిద్రపుచ్చింది. అప్పుడొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“దానికి ఆ అలవాటు చేసింది నేను. అది నా తప్పే, మీరు మొదటిరోజే ఎగతాళి చేశారు, చేయాల్సిందే. కానీ శనివారం నేను ఏడుస్తుంటే మీరు పక్కనే ఉన్నారు వదినా.”

“అవును.”

“వీపు నిమిరారు.”

“అవును.”

“ఆ చెయ్యి ఎలా ఆడింది?”

  జవాబుగా ఏదో పరువు అనీ, పనికిరానిదాన్ని అనిపించుకోవడం ఇష్టంలేక అనీ రాయొచ్చు. ఆ మాటలు కూడా గిన్నె ఖాళీ అయిందన్నట్టే ఉంటాయి.

“రేపు రక్తం తీయించడం లేదు. డాక్టరమ్మకి అంతా చెప్పాను” అంది లేస్తూ. “కవరు చింపేశాను.”

“రేపు నేను వెళ్ళిపోతాను. మా బాత్రూం పని అయిపోయి చాలా రోజులైంది” అన్నాను.

“రేపు పిల్లకి మధ్యాహ్నం ఎవరు పెడతారు?” అంది. కోపంగానే అంది.

జూన్ 24, మంగళవారం

లేచేసరికి మరదలు వెళ్ళిపోయింది. కెమెరా స్టాండు మీద బిగించి ఉంది. తమ్ముడు బూట్లు వేసుకుంటూ అప్పజెప్పాడు. “ముద్ద విడిచి ముద్దకే నొక్కాలట అక్కా. తర్వాత మూడిట్లో ఒకదానికి. డాక్టరమ్మ చెప్పిందట, మెల్లగా మాన్పించాలని. ‘కదలకండి’ మాత్రం ప్రతిసారీ అనాలట.”

బల్ల మీద రెండు గిన్నెలు, మూతలు పెట్టి. చిన్నది పిల్లది. పెద్దదాని మీద కాగితం ముక్క: ‘ఇది మీది. దానిది ముట్టుకోకండి.’ రెండిట్లోనూ ఒకటే, గుమ్మడికాయ. క్షమించిందో, శిక్ష వేసిందో ఎంత ఆలోచించినా తేలలేదు. మోతాదు మాత్రం చాలా ఉంది.

మొదటి ముద్దకి నొక్కాను. రెండోదానికి నొక్కలేదు. బుడంకాయ ఆగింది, కెమెరా వైపు చూసింది, నావైపు చూసింది. “కదలకండి, ఊపిరి బిగపట్టండి” అన్నాను, నేనే బిగపట్టి. బతిమాలినట్టే ఉంది నా గొంతు. చాలాసేపటికి, ఏదో మినహాయింపు ఇస్తున్నట్టు, కొంచెం తెరిచింది. చెంచా పట్టేంత.

పూర్తిగా తినడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నా గిన్నె తీసుకుని దాని ఎదురుగానే కూర్చున్నాను. ప్రతి ముద్దకీ నా నోటివైపు చూసింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. తిందా వదినా అని అడగలేదు.

“ఎవరు తిన్నారు?” అంది.

“ఇద్దరం. ఎవరి గిన్నె వాళ్ళం.”

అవతల చిన్న చప్పుడు. నవ్వో దగ్గో తెలియలేదు. ఎక్స్‌రే గది కదా, దగ్గేవాళ్ళు చాలామంది ఉంటారు. నవ్వే అనుకుంటున్నాను. ఆధారం ఏమీ లేదు.